పుట్టగొడుగులు: పడుటయు, పడకపోవుటయు

తొలకరి వానలకు నేల మెత్తబడిన పిమ్మట చెదపుట్టల చెంతను, చెట్ల మొదళ్లను పుట్టగొడుగులు తలలెత్తును. తమిళులు వీనిని కాళాన్ అనియు, కన్నడిగులు అణబె అనియు, ఒడియా వారు ఛతు అనియు, మహారాష్ట్రులు అళంబి అనియు వ్యవహరింతురు. పేరేదైనను, వానకాలమున వీనిని ఏరి తెచ్చి కూర వండుకొనుట ఈ ప్రాంతములన్నిట కలదు.

ఒకే కూరను నలువురు తినగా, మువ్వురు సుఖముగానుండి, ఒకరికి మాత్రము ఒడలెల్ల దద్దురులు పుట్టుట కలదు. అట్టి యెడ పెద్దలు "వానికి పడలేదు" అందురు. ఈ పడకపోవుట ఒక్క తీరున నుండదు. ముఖ్యముగా మూడు విధములు కలవు. వాని భేదము తెలియకపోవుట ప్రాణాపాయమునకు దారితీయును గనుక, ఇచ్చట వివరింప బూనితిమి.

మొదటిది ఎలర్జీ. ఇందు దోషము పుట్టగొడుగుది కాదు. తినినవాని దేహతత్త్వమే కారణము. పుట్టగొడుగులందలి మాంసకృత్తులను కొందరి శరీరము శత్రువులుగా భ్రమించి, వానిపై ప్రతిరక్షకములను సిద్ధపరచుకొనును. ఈ సన్నాహము జరుగునప్పుడు బాధ ఏమియు కనబడదు. పిమ్మట మరల తినినప్పుడు హిస్టమిన్ మొదలగు ద్రవ్యములు ఒక్కసారిగా వెలువడును. సాధారణముగా కొలది నిమిషములు మొదలు 2 గంటలలోపల నోటిదురద, దద్దురులు, పెదవుల వాపు, కనురెప్పల వాపు, వాంతి కలుగును. గొంతు బిగిసి, ఊపిరాడక, సొమ్మసిల్లినచో ప్రాణమునకే ముప్పు. అప్పుడు తొడ కండరమున వేయు ఎడ్రినలిన్ సూదిమందే ప్రథమ చికిత్స.

రెండవది, పలుమార్లు తినిన పిమ్మట రక్తమునందు పుట్టు విపరీతము. దీనికి ఐరోపాఖండమున ప్రసిద్ధమైన నిదర్శనము కలదు. పాక్సిలస్ ఇన్వొల్యూటస్ అను గోధుమవన్నె పుట్టగొడుగును, బాగుగా ఉడికించినచో హాని లేదని నమ్మి, అచ్చటివారు అనేక సంవత్సరములు భుజించిరి. జూలియస్ షెఫర్ అను జర్మను శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు 1944లో దీనిని తిని మరణించెను. దీనిని మరల మరల తినినవారిలో కొందరి రక్తమున ప్రతిరక్షకములు పుట్టి, ఒకనాటి భోజనముతో ఎఱ్ఱ రక్తకణములు పగిలిపోవుననియు, మూత్రపిండములు చెడుననియు తరువాతి పరిశోధనలలో తేలినది. నిన్నటివరకు పడిన ఆహారమే నేడు పగయైనదన్నమాట!

మూడవది విషము. ఇది ఒకరికి పడి వేరొకరికి పడకపోవు వ్యవహారము కాదు. అమానిటా ఫాల్లాయిడీస్ అను జాతియందలి విషము వండినను, ఎండబెట్టినను నశింపదు. తినిన 6 గంటలు మొదలు 24 గంటలలోపల వాంతులు, విరేచనములు ఆరంభమగును. పిదప ఒకటి రెండు దినములు నెమ్మదించినట్లు తోచును గాని, ఆ సమయముననే కాలేయము నశించుచుండును. పచ్చిక బయళ్లలో మొలచు క్లోరోఫిల్లమ్ మొలిబ్డైటిస్ వంటి జాతులు కొలది గంటలలోనే వాంతి పుట్టించును. కావున త్వరగా వచ్చిన వాంతిని ఎలర్జీయనియు, ఆలస్యముగా వచ్చినదానిని అజీర్ణమనియు ఇంటనే నిర్ణయించుకొనరాదు. ఆ నిర్ణయము వైద్యునిదే.

వెండినాణెము నల్లబడనిచో మంచిదనుట, వెల్లుల్లి రంగు మారనిచో తినవచ్చుననుట, పురుగు తినినది మనుష్యునకు హాని చేయదనుట, ఇవన్నియు నిరాధారములు. ఇట్టి పరీక్షలలో ఒక్కటియు విషమును గాని, ఎలర్జీని గాని పసిగట్టజాలదు.

కావున మేము చెప్పునది ఇది: జాతి నిశ్చయముగా తెలియని పుట్టగొడుగును ముట్టవలదు. తెలిసినదానినైనను పచ్చిగా తినవలదు. ఒకసారి దద్దురులు పుట్టినవారు వైద్యుని సలహా లేక మరల రుచి చూడరాదు. బాధ కలిగినచో వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరవలెను. వండక మిగిలిన పుట్టగొడుగును, లేనిచో మిగిలిన కూరను వెంట గొనిపోవలెను. తినిన వేళను, బాధ మొదలైన వేళను వైద్యునకు చెప్పవలెను.

విద్యార్థులారా! "నిరుడు తింటిమి, ఏమియు కాలేదు" అను మాట మన ఇండ్లలో తరచుగా వినబడును. నిరుటి సుఖము నేటి క్షేమమునకు హామీ కాదు. ఈ సంగతిని ఇంటివద్ద పెద్దలకు వినయముగా విన్నవింపుడు.