కంపవాతము – మెదడులోని ఇనుము

1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ వర్ణించిన కంపవాతమున, మెదడు నడిభాగమునందలి నల్లని కణములు క్రమముగా నశించును. కదలికలకు ఆధారమగు డోపమైన్ అను ద్రవ్యమును తయారుచేయునవి ఈ కణములే. ఆ పనికి ఇనుము ఆవశ్యకము. మిగులు ఇనుమును ఫెరిటిన్ అను మాంసకృత్తు భద్రపరచును. ఈ కట్టుబాటు సడలినచో ఇనుమే కణములకు హానికరమగును. రోగులలో ఆ భాగమున ఇనుము హెచ్చుగా కనబడుచున్నది.

అట్లయిన దానిని తొలగించిన చాలదా? 2022లో ప్రకటింపబడిన ఐరోపా పరిశోధనలో, అప్పటికి డోపమైన్ సంబంధమైన మందులు వాడని 372 మంది రోగులలో సగముమందికి, ఇనుమును తొలగించు డిఫెరిప్రోన్ అను మందును 36 వారములు ఇచ్చిరి. మెదడులో ఇనుము తగ్గెను. వ్యాధిలక్షణములు మాత్రము ఆ మందు పొందనివారికంటె హెచ్చెను.

కావున ఈ వ్యాధి భయముచే, రక్తహీనతకై వైద్యులు పిల్లలకిచ్చు ఐరన్ మాత్రలను తల్లిదండ్రులు మానిపింపరాదు.