సముద్రం దాటి వచ్చిన కాలేజీ: చేర్చే ముందు తెలుసుకోవలసినవి

ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకొని మేము మస్జిద్ మెట్లు దిగుతుండగా, సెలవుపై ఊరికి వచ్చిన ఒక సోదరుడు సలాం చేసి పక్కకు పిలిచారు. "మౌలీసాబ్, నేను ఖతర్‌లోని దోహాలో ఉద్యోగం చేస్తున్నాను. బిడ్డ అక్కడే పన్నెండో తరగతి చదువుతోంది. దోహాలోనే అమెరికా యూనివర్సిటీలున్నాయి, చేర్పించండి అని పట్టుబడుతోంది. మా భాయిజాన్ ఏమో అవి పేరుకే అమెరికావి, ఎప్పుడు మూసేస్తారో ఎవరికి తెలుసు అంటున్నారు. మీరేమంటారు?" అని అడిగారు.

ఇది ఆ ఒక్క సోదరుని ప్రశ్న కాదు. గల్ఫ్ దేశాల్లో కుటుంబాలతో ఉంటున్న మన తెలుగు ముస్లింలు ఎందరినో వేధిస్తున్న ప్రశ్న. అందుకే విచారించి తెలుసుకున్న విషయాలను పాఠకుల ముందుంచుతున్నాము.

దోహా నగరానికి పడమటి శివారులో 'ఎడ్యుకేషన్ సిటీ' అనే విద్యానగరం ఉంది. 1995లో అప్పటి అమీర్ షేక్ హమద్ బిన్ ఖలీఫా, ఆయన సతీమణి షేఖా మోజా నెలకొల్పిన ఖతర్ ఫౌండేషన్ దీనిని నిర్మించింది. మొదట 1998లో వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయం కళల శాఖ వచ్చింది. ఆ తర్వాత 2001లో కార్నెల్ వైద్య కళాశాల, 2003లో టెక్సస్ ఎ అండ్ ఎం ఇంజనీరింగ్ శాఖ, 2004లో కార్నెగీ మెలన్, 2005లో జార్జ్‌టౌన్, 2008లో నార్త్‌వెస్టర్న్ వచ్చాయి. ఒకే విశ్వవిద్యాలయం అన్ని విద్యలూ బోధించకుండా, ఏది దేనిలో పేరు పొందిందో దానినే ఎంచి తేవడం ఇక్కడి విశేషం. అమెరికాలో ఇచ్చే పట్టానే ఇక్కడా ఇస్తారు. కాబట్టి 'పేరుకే అమెరికావి' అనడం సబబు కాదు.

ఈ నగరం నడుమ ఒక మస్జిద్ ఉంది. ఇస్లాం అయిదు మూలస్తంభాలకు గుర్తుగా అయిదు పెద్ద స్తంభాలపై దానిని నిలిపి, వాటిపై ఖుర్ఆన్ ఆయతులు చెక్కారు. క్లాసు నుంచి నమాజుకు, నమాజు నుంచి క్లాసుకు నడిచి వెళ్ళే వాతావరణం అది.

ఆడపిల్లల విషయంలో ఈ ఏర్పాటు మేలు మరింత ఎక్కువ. కూతుర్ని ఒంటరిగా అమెరికా పంపడానికి మనసొప్పని తల్లిదండ్రులు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. కళాశాలే సముద్రం దాటి వస్తే ఆమె ఇంట్లో ఉండే చదువుకోవచ్చు. వర్జీనియా శాఖ మొదట స్త్రీల కోసమే మొదలై, 2007 నుంచి మాత్రమే పురుషులను కూడా చేర్చుకుంది. విద్యార్జనను ఇస్లాం స్త్రీ పురుషులిద్దరి బాధ్యతగా నిర్దేశించింది. ఇంటికి దగ్గరగా దారి దొరికినప్పుడు, ఆడపిల్ల అనే కారణంతో ఆపడం న్యాయం కాదు.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. ఇక్కడి ఫీజు అమెరికాలోని ఫీజు కంటే పెద్దగా తక్కువేమీ కాదు. స్తోమత లేని విద్యార్థులకు ఖతర్ ఫౌండేషన్ వడ్డీ లేని రుణం ఇస్తూ వచ్చింది. వడ్డీ హరాం అని భయపడే కుటుంబాలకు ఇది ఊరట. కానీ వడ్డీ లేకపోయినా అప్పు అప్పే. షరతులన్నీ చదివి, బిడ్డకు చదివించి చెప్పి, ఆ తర్వాతే సంతకం చేయాలి.

ఇక భాయిజాన్ భయం. అది ఆధారం లేనిది కాదు. 2024 ఫిబ్రవరిలో టెక్సస్ ఎ అండ్ ఎం పాలకమండలి తమ ఖతర్ శాఖను 2028 నాటికి ముగించాలని తీర్మానించింది. పశ్చిమాసియాలో అస్థిరతను కారణంగా చూపింది. ఇరవై ఏళ్ళు నడిచిన కళాశాలకే ఈ గతి. ఎమిరేట్స్‌లోని రాస్ అల్ ఖైమాలో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం తెరిచిన శాఖ అయితే, ఒక్క పట్టా కూడా ఇవ్వకుండానే 2009లో మూతపడింది. డబ్బు విషయంలో స్థానిక భాగస్వామితో పొసగకపోవడం అందుకు కారణాల్లో ఒకటి. ఇలాంటి శాఖకు భవనాలు ఒకరివి, పేరు మరొకరిది. మధ్యలో ఉన్నది ఒక ఒప్పందం. అది తెగితే కాలేజీ లేదు.

శాఖలు తెరవడం మన చరిత్రకు కొత్త కాదు. సల్జూక్ వజీరు నిజాముల్ ముల్క్ 1067లో బాగ్దాద్‌లో నిజామియా మదరసాను ప్రారంభించారు. నీషాపూర్, ఇస్ఫహాన్, బల్ఖ్, హిరాత్ నగరాల్లోనూ అదే పేరుతో మదరసాలు వెలిశాయి. ఇమాం గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) నీషాపూర్‌లో ఇమాం జువైనీ వద్ద చదివి, 1091లో బాగ్దాద్ నిజామియాలో ఆచార్యులయ్యారు. చివరి రోజుల్లో తిరిగి నీషాపూర్ నిజామియాలోనే పాఠం చెప్పారు. 1092లో నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యారు. మదరసా మాత్రం ఆగలేదు. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను ధ్వంసం చేశారు. అయినా 1327లో అక్కడికి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా ఆ మదరసా వైభవాన్ని మెచ్చుకున్నాడు. ఇంతకాలం దానిని నిలబెట్టిన వాటిలో ముఖ్యమైనది వక్ఫ్. భూముల మీద, బజారు దుకాణాల మీద వచ్చే రాబడి విద్యార్థుల తిండికి, గురువుల జీతానికి అంకితమై ఉండేది. దాత పోయినా దానం మిగిలింది.

ఆ సోదరునికి మేము చెప్పినది ఇదే. బిడ్డను చేర్పించండి, కానీ మూడు సంగతులు ముందే రాతపూర్వకంగా అడగండి. శాఖ ఒప్పందం ఏ సంవత్సరం వరకు ఉంది? మధ్యలో మూసివేస్తే చేరిన విద్యార్థులు ఎక్కడ, ఎవరి ఖర్చుతో పూర్తి చేస్తారు? ఆ పట్టాకు భారతదేశంలో గుర్తింపు ఉందా? మూడింటికీ జవాబు దొరికితే, ఆపై అల్లాహ్ మీద భారం వేయండి. ఒంటెను కట్టిన తర్వాతే తవక్కుల్ అని కదా మనకు నేర్పింది.

ఆయన తృప్తిగా వెళ్ళారు. మాకు మాత్రం మరో ఆలోచన మిగిలింది. ఎడారిలో ఒక చిన్న దేశం తన సంపదతో ప్రపంచంలోని కళాశాలలను తన గడపలోకి తెచ్చుకుంది. మన తాతలు కూడా ఊరూరా వక్ఫ్ భూములు వదిలి వెళ్ళారు. వాటిలో కొన్ని కబ్జా అయ్యాయి, కొన్ని నామమాత్రపు అద్దెకు పోయాయి. మీ ఊరి మస్జిద్ కింద ఉన్న భూమి ఎంత, దాని రాబడి ఎంత, అందులో చదువుకు వెచ్చిస్తున్నది ఎంత? వచ్చే జుమాకు మీ మస్జిద్ కమిటీని అడిగి చూడండి. ఒక్క పేద బిడ్డ ఫీజు అయినా దానితో కట్టగలిగితే, సముద్రం దాటి ఎవరో రావాలని మనం ఎదురుచూడనక్కర లేదు, ఇన్షా అల్లాహ్.