ఆర్‌వీలో ఏ ఫ్రిజ్?

క్యారీ నుంచి బ్లూరిడ్జ్ పార్క్‌వే కొండలకి ఆర్‌వీలో బయలుదేరితే, ఫ్రిజ్‌లో పాలూ పెరుగుతోపాటు ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ ఇన్సులిన్ కూడా ఉంటుంది. తెరవని సీసాకి 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ కావాలి, గడ్డకడితే పనికిరాదు.

అబ్‌సార్ప్షన్ ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు. ప్రొపేన్ మంట వేడికి నీళ్ళలోంచి అమోనియా విడివడి, ద్రవమై, హైడ్రోజన్ మధ్య మళ్ళీ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. మంటతో చల్లదనం, చిత్రమే! కానీ గొట్టాల్లో ద్రవం తనంతట తాను కిందికి జారాలి. బండి బాగా ఒరిగి ఆగితే ఆ ప్రసరణ నిలిచిపోతుంది. మండుటెండలోనూ నీరసిస్తుంది.

12 వోల్టుల కంప్రెసర్ రకం మనింటి ఫ్రిజ్‌కి తమ్ముడే. ఒరిగినా పనిచేస్తుంది. కాకపోతే బ్యాటరీని తింటుంది, రోజుకి సుమారు 50 ఆంపియర్-అవర్లు. పార్క్‌వే క్యాంప్‌గ్రౌండ్లలో కరెంటు హుక్‌అప్‌లుండవు. అయినా 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ, పైన సోలార్ పలక ఉంటే ఇన్సులిన్ ఉన్న ఇంటికి నా ఓటు దీనికే. చెట్లనీడలో వారం రోజులు కదలనివాళ్ళకి ప్రొపేనే నయం. ఏదైనా ముందురోజే ఆన్ చేసి, లోపల థర్మామీటరు పెట్టి చూడండి.