వైఫై తాళాలు: చట్టం, ధర్మం

ఎమ్మెస్ చేయడానికి అమెరికా వచ్చి నెట్‌వర్క్ సెక్యూరిటీ కోర్సు తీసుకున్న మన పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "వైర్‌షార్క్, కిస్మెట్, ఎయిర్‌క్రాక్ లాంటివి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి కదండీ, వాడితే తప్పేమిటి?" అని. నేను లాయరుని కాను, ఈ రంగంలో పనిచేసే కన్సల్టెంటుని. నాకు తెలిసినంతలో చెబుతాను.

ఈ సాఫ్ట్‌వేర్ మన లాప్‌టాప్‌లో ఉండటం సాధారణంగా నేరం కాదు. తాళాలు బాగుచేసేవాడి సంచిలోని పనిముట్ల లాంటివే ఇవి. ఎవరి తలుపు, ఎవరి అనుమతితో తీశామన్నదే ముఖ్యం. దీన్ని నాలుగు మెట్లుగా చూద్దాం.

మొదటిది, పేర్లు చూడటం. ప్రతి రౌటరూ సెకనుకి సుమారు పదిసార్లు తన పేరు ప్రకటించుకుంటూ ఉంటుంది. మీ ఫోనులో కనిపించే జాబితా అదే. దీనితో పేచీ లేదు.

రెండవది, గాలిలో వెళ్ళే సమాచారాన్ని పట్టి దాచుకోవడం. గాలిలో ఉన్నది అందరిదీ కదా అనిపిస్తుంది. గూగుల్ కూడా కోర్టులో ఇంచుమించు ఇలాగే వాదించింది. 2007 నుంచి 2010 వరకు దాని స్ట్రీట్ వ్యూ కార్లు పాస్‌వర్డ్ లేని వైఫైల మీద వెళుతున్న ఈమెయిళ్ళు వగైరా కూడా సేకరించాయి. 2013లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఆ వాదనని ఒప్పుకోలేదు. అదే ఏడాది 38 రాష్ట్రాలతో 70 లక్షల డాలర్లకి గూగుల్ రాజీపడింది.

మూడవది, ఇతరుల కనెక్షన్ తెగగొట్టడం. నాష్‌విల్‌లో మారియట్ నడిపే ఒక హోటల్లో అతిథులు తమ సొంత హాట్‌స్పాట్లు వాడుకోకుండా ఇలాగే అడ్డుకున్నారు. 2014లో ఎఫ్‌సీసీతో రాజీలో మారియట్ 6 లక్షల డాలర్లు కట్టింది. అది తన భవనమే అయినా సరే!

నాలుగవది, పాస్‌వర్డ్ ఛేదించి లోపలికి వెళ్ళడం. 1986 నాటి కంప్యూటర్ ఫ్రాడ్ అండ్ అబ్యూజ్ చట్టం కిందికి రాగల పని ఇది. రాష్ట్రాల చట్టాలు వేరే ఉన్నాయి. 2007లో మిషిగన్‌లో ఒకాయన కాఫీ షాపు బయట కారులో కూర్చుని, అక్కడి ఉచిత వైఫై వాడుకున్నందుకే 400 డాలర్ల జరిమానా కట్టాడు. పాస్‌వర్డ్ కూడా ఛేదించలేదు! మంచి ఉద్దేశంతో చేసే భద్రతా పరిశోధన మీద కేసులు పెట్టవద్దని 2022లో అమెరికా న్యాయశాఖ తన ప్రాసిక్యూటర్లకి చెప్పింది. కానీ అది శాఖ విధానమే, చట్టం కాదు. రాష్ట్రాల ప్రాసిక్యూటర్లని అది కట్టడి చేయదు.

మన పిల్లలకి ఇంకో చిక్కుంది. వీసాకి నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది. సరదాకి చేసిన పనికి అక్కడ ఏళ్ళ తరబడి సమాధానం చెప్పుకోవాలి.

ఇక ధర్మం సంగతి. నలుగురు కలిసి ఉండే అపార్ట్‌మెంట్‌లో ఇంటర్నెట్ బిల్లు మీ పేరునే ఉండవచ్చు. అయినా మీరు పట్టే సమాచారంలో మిగతా ముగ్గురి కబుర్లు కూడా ఉంటాయి. వాళ్ళని అడగకుండా మొదలుపెట్టకండి. పక్కింటివారి వైఫై ఇంకా పాతకాలపు వెప్ మీద నడుస్తోందని గమనించారా? తలుపు తట్టి చెప్పండి. నిరూపించడానికి లోపలికి దూరనక్కరలేదు. ఆఫీసు, యూనివర్సిటీ నెట్‌వర్క్‌లైతే ఏ పరికరాలు, ఏ తేదీల్లో, ఏ మేరకు పరీక్షించవచ్చో రాతపూర్వకంగా తీసుకోండి. "మా మేనేజరు సరేనన్నాడండీ" అన్న నోటిమాట రేపు అక్కరకు రాదు.

నేర్చుకోవాలని ఉంటే పాత రౌటరు ఒకటి కొనుక్కుని, దానికి మీ పరికరాలే తగిలించి, దాని మీద ఎన్ని ప్రయోగాలైనా చేయండి. ఇంట్లో వాడే రౌటరుకి మాత్రం డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పెట్టి, పొడవాటి పాస్‌వర్డ్ ఇవ్వండి. కంపెనీ ఇచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ ఈ వారాంతంలోనే మార్చేయండి.