భూభ్రమణము – వస్తుభారము

క్రీ.శ. 499లో ఆర్యభటుడు భూభ్రమణమును ప్రతిపాదింపగా, అట్లైన పక్షులు గూళ్లను చేరజాలవని వరాహమిహిరుడు ఆక్షేపించెను. వాయుమండలమును భూమితోడనే తిరుగుటచే ఆ ఆక్షేపము నిలువదు. భ్రమణఫలము వస్తుభారమున గోచరించును. 13 డిగ్రీలకు కొంచెము లోపుగా ఉత్తరాక్షాంశమునందున్న కుప్పము గంటకు సుమారు 1,630 కిలోమీటర్ల వేగమున తిరుగుచున్నది. భూమ్యాకర్షణలో కొంత భాగము వస్తువును ఆ వృత్తమార్గమున నిలుపుటకే చెల్లును; మిగిలినదే భారముగా తోచును. తిరుగని భూమిపై 60 కిలోలు తూగువాడు కుప్పమున సుమారు 200 గ్రాములు తక్కువ తూగును. అంగడి త్రాసున నిది తెలియదు, రెండు తట్టలును సమముగా తేలికపడును గదా! స్థలము మార్చిన స్ప్రింగు కాటాయే చూపును. 1672లో భూమధ్యరేఖా సమీపమునందలి కయేన్‌లో రిషే గడియారపు లోలకము పారిస్‌లో కంటె మందగించి, దినమునకు సుమారు రెండున్నర నిమిషములు వెనుకబడినది. ధ్రువములకడ భూమి చదునై యుండుటయు నిందుకు కొంత కారణము. ఈ భారభేదమును ఆర్యభటీయమున వెదకుట అనుచితము. అందున్నది కదలు నౌకనుండి తీరమును చూచువాని దృష్టాంతమే.