కోళ్ల జాలీలో పడ్డ పాఠం

1975 ఆగస్టు 1న ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెల్లో టీవీ మొదలైంది. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. హైదరాబాద్‌కు టీవీ ప్రసారాలు వచ్చింది 1977లో. అంటే రాజధాని కంటే రెండేళ్లు ముందే మన పల్లె బడిపిల్లలు టీవీలో పాఠం చూశారన్నమాట!

అది ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, పొట్టిగా ‘సైట్’. 1969లో ఉపగ్రహం కోసం అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒప్పందం కుదిరేలా చూసిన శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్, ప్రసారాలు మొదలయ్యేనాటికి బతికి లేరు.

ఆ టీవీ పెట్టెలను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సంస్థ తయారుచేసింది. అసలు తెలివంతా యాంటెనాలో ఉంది. మూడు మీటర్ల వెడల్పున్న ఆ పళ్లేనికి రేకు తొడగలేదు, కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప జాలీ బిగించారు. ఉపగ్రహం పంపే తరంగం పొడవు 35 సెంటీమీటర్లు. జాలీ కన్నాలు అంతకంటే ఎంతో చిన్నవి కాబట్టి తరంగం దాటిపోలేదు, నిండు రేకు తగిలినట్టే వెనక్కి తిరిగి పళ్లెం ముందున్న గ్రాహకం మీదికి చేరుతుంది. గాలి మాత్రం కన్నాల్లోంచి దూసుకుపోతుంది. దాంతో బరువూ ఖర్చూ తగ్గాయి, ఈదురుగాలికి పడిపోతుందన్న బెంగా తగ్గింది. ఇంత చవక సరంజామా సరిపోయిందంటే, 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఏటీఎస్-6 ఉపగ్రహం తొమ్మిది మీటర్ల యాంటెనాను గొడుగులా విప్పుకుని నిలబడింది గనక.

రోజూ ప్రసారాలు పొద్దున గంటన్నర పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. పొద్దుటి గంటన్నరను హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ పంచుకోవాలి. అంటే ఒక్కో భాషకు దక్కేది ఇరవై రెండు నిమిషాల పైచిలుకు.

నాకు ఎక్కువ నచ్చేది బడి సెలవుల్లో చేసిన పని. అదే టీవీ ద్వారా సుమారు 48 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. పిల్లల ముందు పెట్టిన యంత్రాన్ని పంతుళ్ల ముందూ పెట్టాలని ఆనాడే తోచింది.

ఏడాది నిండగానే, 1976 జులై 31న ప్రసారాలు ఆగాయి. ఉపగ్రహం అమెరికా వైపు మళ్లింది. ఫలితాలు లెక్క చూస్తే పిల్లల భాష మెరుగైంది, కొత్త సంగతులు తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగింది. బడి హాజరు మాత్రం మారలేదు. మారుతుందని ఆశించడమే అత్యాశ, చేలో పనికి పోయే పిల్లాణ్ని టీవీ ఆపలేదుగా.

ఆ తర్వాత మన దేశపు ఇన్‌శాట్ ఉపగ్రహాలు వచ్చాయి. 2004 సెప్టెంబర్ 20న కేవలం చదువు కోసమే ఎడ్యుశాట్ ఎగిరింది. ‘మన టీవీ’, ‘టీ-శాట్’ లాంటి చదువు ఛానెళ్లూ వచ్చాయి. ఇప్పుడు తరగతి గోడలకు స్మార్ట్ ప్యానెళ్లు ఎక్కుతున్నాయి. మీ ఊరి బడికీ ఒకటి వస్తే తెర ఎన్ని అంగుళాలని అడక్కండి. దాంతో పాఠం చెప్పడం టీచర్లకు ఎవరు నేర్పుతారు, చెడిపోతే ఎవరొచ్చి బాగుచేస్తారు అని హెడ్మాస్టారుని అడగండి.