సముద్రం లేని ఊళ్లకు నీలి తిమింగలం

భూమి మీద పుట్టిన జంతువులన్నిటిలోకీ అత్యంత భారీదిగా శాస్త్రజ్ఞులు పరిగణించేది నీలి తిమింగలాన్ని. అంటార్కిటిక్ జలాల్లో తిరిగే రకంలో ఆడవి 30 మీటర్ల దాకా పెరుగుతాయి. అంటే రెండున్నర ఆర్టీసీ బస్సులను వరుసగా నిలిపినంత పొడవు. బరువు 150 టన్నులు దాటుతుంది. ఇంత పెద్ద ప్రాణి తీరంలో ఉండేవారికి ఎప్పుడో ఒకప్పుడు కంటపడుతుందని, లోతట్టు ప్రాంతాల వారికి మాత్రమే ఆ భాగ్యం లేదని అనుకోవడం సహజం. నిజానికి విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో పుట్టి పెరిగినవారిలోనూ ప్రాణంతో ఉన్న నీలి తిమింగలాన్ని చూసినవారు చాలా అరుదు. దాని తిండి దొరికేది ఎక్కువగా ఖండపు అంచు దాటిన లోతు నీళ్లలో. అక్కడ కూడా అది ఎక్కువ సేపు నీటి కిందే ఉంటుంది. ఊపిరి కోసం పైకి వచ్చినా వీపులో కొంత భాగమే బయటపడుతుంది. పడవలో పక్కనే ఉన్నవారు సైతం దాన్ని తల నుంచి తోక దాకా ఒక్క చూపులో చూడలేరు.

తీరానికి 2023 జూలైలో ఒకసారి అది తనంత తానే వచ్చింది, కాకపోతే ప్రాణం లేకుండా. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం దగ్గర సుమారు 25 అడుగుల తిమింగలం కళేబరం ఒడ్డుకు కొట్టుకువచ్చింది. అది నీలి తిమింగలమేనని వార్తలు వచ్చాయి. అప్పుడే పుట్టిన నీలి తిమింగలం పిల్ల పొడవు ఏడెనిమిది మీటర్లు. 25 అడుగులంటే దాదాపు అంతే.

అక్వేరియంలో చూడవచ్చా అంటే, వీలుకాదు. నీలి తిమింగలాన్ని ఇంతవరకు ఎక్కడా బంధించి పెంచలేదు. తూర్పు పసిఫిక్‌లో మేత కాలంలో ఒక్కో నీలి తిమింగలం రోజుకు సగటున 16 టన్నుల దాకా క్రిల్ తింటుందని 2021లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. క్రిల్ అంటే రొయ్య జాతికి దగ్గరి చిన్న జీవి. అంత తిండి తెచ్చిపెట్టగల, అంత దేహం ఈదగల తొట్టి కట్టడం సాధ్యం కాదు. పెద్ద తిమింగలాల్లో అమెరికాలోని శాన్ డియేగోలో 1997లో ఒక బూడిద తిమింగలం పిల్లను చేరదీసి పెంచారు. ఏడాది గడిచేసరికి దాన్ని సముద్రంలోకి వదిలేయక తప్పలేదు.

కాబట్టి నీలి తిమింగలాన్ని నిండుగా, తల నుంచి తోక దాకా చూడాలంటే దారి మ్యూజియమే. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 25 మీటర్లకు పైగా పొడవున్న ఆడ తిమింగలం అస్థిపంజరం ఉంది. అది 1891లో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ తీరంలో ఇసుకలో చిక్కుకుని చనిపోయింది. చాలా కాలం ఒక పక్క హాలులో ఉన్న ఆ ఎముకలను 2017లో మ్యూజియం ముఖద్వారంలోని హింట్జ్ హాలుకు మార్చారు. నోరు తెరుచుకుని క్రిల్ మీదకు దూకుతున్న భంగిమలో పైకప్పు నుంచి వేలాడదీశారు. దానికి పెట్టిన పేరు హోప్.

ఈ అస్థిపంజరం ముందు నిలబడితే జీవించి ఉన్న తిమింగలంలో ఎన్నటికీ కనిపించనివి కనిపిస్తాయి. కింది దవడకు రెండు వైపులా విల్లులా వంగిన రెండు పొడవాటి ఎముకలు ఉంటాయి. అవి ముందు కొసలో ఒకదానితో ఒకటి అతుక్కుని ఉండవు. నోరు అంత వెడల్పుగా తెరుచుకోవడానికి అదే కారణం. ఈతరెక్కలో మనిషి చేతిలో ఉన్నట్టే భుజపుటెముక, ముంజేతి ఎముకలు, వేళ్ల ఎముకలు వరుసగా ఉంటాయి. వెన్నెముక చివరి భాగంలో దేనికీ అంటకుండా రెండు చిన్న ఎముకలు వేరుగా వేలాడుతుంటాయి. అవి కటి ఎముకల అవశేషాలు. తిమింగలాల పూర్వీకులకు వెనక కాళ్లుండేవనడానికి అవి మిగిలిన సాక్ష్యం.

ఆ పూర్వీకుల వైపు చూపించే శిలాజాల్లో ముఖ్యమైనది దొరికింది ఇప్పుడు సముద్రానికి ఎంతో దూరంగా ఉన్న జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్‌లో. భారతీయ భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు అక్కడ సేకరించిన శిలాజాల ఆధారంగా 1971లో ఇండోహ్యూస్ అనే చిన్న గిట్టల జంతువును వర్ణించారు. ఆయన సేకరించి ఉంచిన రాళ్లను ఆయన మరణం తర్వాత అమెరికా శాస్త్రవేత్త హాన్స్ తెవిసెన్ బృందం పగలగొట్టి పరిశీలించింది. ఇండోహ్యూస్ చెవి ఎముక నిర్మాణం తిమింగలాల చెవి ఎముకను పోలి ఉందని 2007లో ప్రకటించింది. తిమింగలాల దగ్గరి చుట్టం నేల మీద నడిచిన జంతువని చెప్పే బలమైన ఆధారాల్లో అది ఒకటి. తిమింగలం కథ వినడానికి సముద్రం దాకా వెళ్లనవసరం లేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఎముకలు కాకుండా పూర్తి ఆకారం ఉంది. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన 94 అడుగుల బొమ్మ అది. 1925లో దక్షిణ అమెరికా దక్షిణపు కొస దగ్గర దొరికిన ఒక ఆడ తిమింగలం కళేబరం ఫోటోలను చూసి చేశారు. చచ్చిన తిమింగలం ఆకారం, నీటిలో ఈదే తిమింగలం ఆకారం ఒకటి కావు. 2003లో బాగుచేసినప్పుడు కళ్లను, ఊపిరి రంధ్రాలను, తోకను సరిదిద్దారు. అంతకుముందు లేని బొడ్డును కూడా చేర్చారు. మ్యూజియంలో చూసేది కూడా ఆ కాలానికి తెలిసినంత మేరకేనని ఈ మార్పులు చెబుతాయి.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ మ్యూజియంలో మరో అపురూపమైన నమూనా ఉంది. 1865లో ఆ ఊరి దగ్గర ఒడ్డున చిక్కిన 16 మీటర్ల పిల్ల తిమింగలం చర్మాన్ని శాస్త్రవేత్త ఎ.డబ్ల్యు. మాల్మ్ భద్రపరిచి నిలబెట్టారు. నిజమైన చర్మంతో ఇలా నిలబెట్టిన నీలి తిమింగలం ప్రపంచంలో ఇదొక్కటే.

కెనడాలోని టొరంటో మహాసముద్రానికి దూరంగా, మంచినీటి సరస్సు ఒడ్డున ఉన్న నగరం. అక్కడి రాయల్ ఒంటారియో మ్యూజియం నీలి తిమింగలం గుండెను ప్రదర్శించింది. 2014 వసంతంలో న్యూఫౌండ్‌లాండ్ పడమటి తీరం దగ్గర మంచులో చిక్కుకుని తొమ్మిది నీలి తిమింగలాలు చనిపోయాయి. వాటిలో కొన్ని ఒడ్డుకు చేరాయి. మ్యూజియం సిబ్బంది ఒకదాని లోపల నుంచి గుండెను బయటకు తీశారు. జర్మనీకి పంపి, కణజాలంలోని నీటిని తీసి ప్లాస్టిక్ నింపే ప్లాస్టినేషన్ పద్ధతిలో భద్రపరిచారు. అది సుమారు 180 కిలోల బరువుంది. నీలి తిమింగలం గుండె కారంత ఉంటుందని, దాని రక్తనాళంలో పిల్లవాడు పాకుతూ వెళ్లవచ్చని పుస్తకాల్లో రాసుకుంటూ వచ్చిన మాట అతిశయోక్తి అని ఆ గుండెను తీసినప్పుడు తేలింది. అయినా 180 కిలోల గుండె తక్కువదేమీ కాదు.

ఆ గుండె ఎలా కొట్టుకుంటుందో తెలిసింది 2019లో. కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త జెరెమీ గోల్డ్‌బోగెన్ బృందం చూషక కప్పులతో అంటుకునే ఒక పరికరాన్ని నీలి తిమింగలం ఒంటికి అమర్చింది. లోతుకు మునిగినప్పుడు గుండె నిమిషానికి నాలుగు నుంచి ఎనిమిది సార్లే కొట్టుకుంది. అతి తక్కువగా నమోదైనది రెండుసార్లు. ఊపిరి తీసుకోవడానికి పైకి వచ్చినప్పుడు అది 25 నుంచి 37 దాకా పెరిగింది.

సముద్రానికి దూరంగా, టెక్సాస్‌లోని వేకో నగరంలో ఉన్న బేలర్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్తలు ఒక నీలి తిమింగలం జీవిత చరిత్రను దాని చెవి గులిమి నుంచి చదివారు. తిమింగలాల చెవిలో గులిమి బయటకు రాదు. పొరలు పొరలుగా పేరుకుంటూ పుట్టినప్పటి నుంచి చనిపోయేదాకా అలాగే ఉండిపోతుంది. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా దగ్గర 2007లో ఓడ తగిలి చనిపోయిన మగ తిమింగలం చెవిలో 25 సెంటీమీటర్ల గులిమి దొరికింది. దాని పొరలను విడదీసి పరీక్షిస్తే వయసు సుమారు 12 ఏళ్లని తేలింది. పదేళ్ల వయసు ప్రాంతంలో టెస్టోస్టెరాన్ ఒక్కసారిగా పెరిగింది, అంటే అది యుక్తవయసుకు వచ్చింది అప్పుడే. పురుగుమందుల అవశేషాలు అత్యధిక మోతాదులో కనిపించింది బతుకు తొలి నెలల పొరల్లో. అవి తల్లి నుంచి చేరినవి. ఒక్క ప్రాణి బతుకును ఇంత దగ్గరగా పడవలో వెంబడించి కూడా ఎవరూ చూడలేదు.

కంటికి అందని నీలి తిమింగలం చెవికి అందుతుందా అన్నది మరో ప్రశ్న. దాని గొంతు జంతు ప్రపంచంలో అతి బిగ్గరైన వాటిలో ఒకటి. నీటిలో వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. కానీ చాలా భాగం సెకనుకు 20 కంపనాల లోపే ఉంటుంది. మనిషి చెవి వినగల కింది హద్దు కూడా దాదాపు అదే. అందుకే రికార్డింగులను అయిదు రెట్లో పది రెట్లో వేగం పెంచి వినిపిస్తారు. మాంటెరే అఖాతంలో సుమారు 900 మీటర్ల లోతున అమర్చిన హైడ్రోఫోన్ 2015 నుంచి సముద్రపు శబ్దాలను కేబుల్ ద్వారా ఒడ్డుకు పంపుతోంది. ఆ శబ్దాలను ఇంటర్నెట్‌లో ఎవరైనా వినవచ్చు. వినేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఫోన్ స్పీకర్ ఇంత లోతైన ధ్వనులను పలికించలేదు. మంచి హెడ్‌ఫోన్లు కావాలి. శబ్దాన్ని గీతల బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్ కూడా తెర మీద ఉంటే, వినిపించనిది కంటికి కనిపిస్తుంది.

ఈ శబ్దాల విలువ వినోదంతో ఆగిపోదు. ఒక్కో ప్రాంతపు నీలి తిమింగలాలు ఒక్కో రకం పాట పాడతాయి. హిందూ మహాసముద్రంలో చాగోస్ దీవుల దగ్గర అణు పరీక్షలను పసిగట్టడానికి అమర్చిన నీటి అడుగు మైకుల రికార్డులను ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జల్లెడ పట్టారు. అందులో అంతకుముందు తెలిసిన ఏ గుంపు పాటకూ సరిపోని పాట ఏళ్ల తరబడి వినిపించింది. అది పిగ్మీ నీలి తిమింగలాల కొత్త గుంపు అయి ఉండవచ్చని 2021లో వారు ప్రకటించారు. ఆ తిమింగలాలను చూసి కాదు, విని కనిపెట్టారు.

ఇక ప్రాణంతో ఉన్నదాన్ని కళ్లారా చూడాలనుకునే తెలుగువారికి అందుబాటులో ఉన్న చోటు శ్రీలంక. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర ప్రయాణం. అక్కడి నుంచి దక్షిణ తీరంలోని మిరిస్సాకు రోడ్డు మీద సుమారు 150 కిలోమీటర్లు. ఇక్కడ ఖండపు అంచు తీరానికి చాలా దగ్గరగా ఉంటుంది. అందుకే ఉదయం బయల్దేరిన పడవ కొద్ది గంటల్లోనే నీలి తిమింగలాలు తిరిగే లోతు నీటికి చేరుతుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలం. ఇవి అంటార్కిటిక్ రకమంత పెద్దవి కావు. ధ్రువాల వైపు వలస పోకుండా ఏడాది పొడవునా ఉత్తర హిందూ మహాసముద్రపు వెచ్చని నీళ్లలోనే ఉండిపోతాయి. శ్రీలంక శాస్త్రవేత్త ఆశా డి వోస్ వీటి మీద పరిశోధన చేసి, ఇవి క్రిల్ కన్నా సెర్జెస్టిడ్ అనే చిన్న రొయ్యలను ఎక్కువగా తింటాయని సహచరులతో కలిసి గుర్తించారు.

దూరం నుంచి ముందుగా కనిపించేది ఊపిరి. తొమ్మిది మీటర్ల ఎత్తు దాకా నిటారుగా లేచే ఆవిరి స్తంభం అది. తర్వాత మచ్చల మచ్చల నీలి బూడిద రంగు వీపు చాలా సేపు జారుతూ పోతుంది. దాని చివర ఎక్కడో వెనక, శరీరానికి మరీ చిన్నదనిపించే వీపురెక్క కనిపిస్తుంది. ఆ మచ్చల అమరిక ఏ రెండు తిమింగలాలకూ ఒకేలా ఉండదు. కెనడాలోని సెయింట్ లారెన్స్ అఖాతంలో పరిశోధకుడు రిచర్డ్ సియర్స్ ఆ మచ్చల ఫోటోల సాయంతోనే నీలి తిమింగలాలను ఒక్కొక్కటిగా గుర్తించే పద్ధతిని తీర్చిదిద్దారు. కొన్ని ఊపిర్లు తీసుకున్నాక తిమింగలం లోతుకు మునుగుతుంది. కొన్ని మాత్రమే అప్పుడు తోకను నీటి పైకి ఎత్తుతాయి. తిరిగి పైకి రావడానికి పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ నిరీక్షణకు ఓపిక లేనివారికి ఈ ప్రయాణం నిరాశే మిగుల్చుతుంది.

20వ శతాబ్దంలో వేటాడి చంపిన నీలి తిమింగలాల సంఖ్య మూడు లక్షలు దాటింది. 1966లో అంతర్జాతీయ రక్షణ వచ్చినా, సోవియట్ నౌకలు 1960ల్లో అరేబియా సముద్రంలో రహస్యంగా వేటాడిన సంగతి ఆ దేశం విచ్ఛిన్నమయ్యాకే బయటపడింది. ఉత్తర హిందూ మహాసముద్రపు గుంపు ఆ దెబ్బ తిన్నదే. ఇప్పుడు వేట లేదు, ఓడలున్నాయి. ప్రపంచంలోనే అతి రద్దీ నౌకా మార్గాల్లో ఒకటి మిరిస్సాకు దగ్గరలోని డోండ్రా మీదుగా తిమింగలాల మేత స్థలం లోంచే వెళుతుంది. ఎంఎస్‌సీ అనే భారీ నౌకా సంస్థ 2022లో తన ఓడలను మరింత దక్షిణంగా మళ్లించింది. మిగతా సంస్థలూ ఆ పని చేయాలి. చూడటానికి వెళ్లే పడవలు చేసే హాని చిన్నదే అయినా అది ప్రయాణికుల చేతిలో ఉన్నది. తిమింగలానికి వంద మీటర్ల దూరంలోనే ఆగే, దాని దారికి అడ్డు వెళ్లని, వెంటపడి తరమని పడవనే ఎంచుకోవాలి. టికెట్ కొనే ముందే ఆ సంగతి అడగాలి. దగ్గరకు తీసుకెళతామని ఆశపెట్టే పడవ ఎక్కకూడదు.